మా అన్నకు పది శాతం తగ్గింపు

కరీంనగర్ పట్టణంలోని సకల వర్తక శ్రేష్ఠుల సముఖమునకు, వావిలాలపల్లి కాపురస్తుడు, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు, ఒక మిక్సీ, రెండు సెల్‌ఫోన్లు కలిగియుండి ఆ మూడింటి వల్లా సుఖము లేని నేను వ్రాసుకొన్న మనవి ఏమనగా...

ఏమనగా దగ్గరే ఫోన్ మోగింది. చూస్తే, "ప్రియమైన ఫస్ట్ నేమ్ గారూ, ఈ ఆదివారం మీ కోసమే!" అని ఉంది. ఏదో బట్టల దుకాణం. మా నాయిన నాకు పెట్టిన పేరు అది కాదు. మనుమణ్ని అడిగితే, "తాతా, ఆ జాగల నీ పేరు పడాలె. నింపుడు మర్చిపోయిండ్రు" అన్నాడు. సరే, మరుపు మనిషికి సహజం. మరి నింపిన వాళ్ల సంగతి చూడండి. ఇంకో దుకాణం నన్ను ఏడాదిగా ఇంటిపేరుతోనే పిలుస్తోంది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక ఉంటుందని ఈ సందేశాలు పంపే యంత్రం పుట్టిన దేశంలో ఎవరికీ తెలియదు కాబోలు. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ లెక్కన ఏడాదిగా నేనొక గ్రామాన్ని. ఆఖరికి సర్పంచ్ ఎన్నికలు కూడా నాలోనే జరుగుతాయేమో.

అసలు మనవి మిక్సీది. దసరాకు ముందు టవర్ సర్కిల్ దగ్గర ఒక దుకాణంలో కొన్నాం. దుకాణం పేరు చెప్పను. చెబితే వాళ్లకు ప్రచారం, నాకు నోటీసు. మూడో నాడు పల్లీలు పట్టబోతే అడుగు నుంచి పొగ లేచింది. మా ఇంటామె ప్లగ్గు పీకి నా దిక్కు చూసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ చూపుకు అర్థం అడగాల్సిన పని లేదు.

వెనుకటి రోజులైతే మిక్సీని సంచిలో వేసుకొని పోయి కౌంటర్ మీద పెట్టేవాణ్ని. సేటు మూత తీసి, వాసన చూసి, "మబ్బుల నానవెట్టిన పప్పు గిట్ల పట్టిండ్రా సారూ?" అని తప్పు నా మీదికి తోసి, ఆ వెంటనే పిల్లగాణ్ని కేకేసి బాగుచేయించేవాడు. ఇప్పుడు బిల్లు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఫిర్యాదులు వాట్సాప్‌లో మాత్రమే" అని ఉంది. సరేనని రాశాను: "మిక్సీ నుంచి పొగ వచ్చింది."

రెప్ప వేసేలోగా జవాబు. నా జీవితంలో ఏ దుకాణదారూ అంత తొందరగా పలకలేదు. "నమస్కారం! మా కుటుంబంలోకి స్వాగతం! మిక్సీల కోసం 1, ఫ్రిజ్‌ల కోసం 2, ఆఫర్ల కోసం 3 నొక్కండి." 1 నొక్కాను. పదకొండు మిక్సీల ఫొటోలు వచ్చాయి. వాటిలో నాదీ ఉంది, నేను కొన్నదానికన్నా నాలుగు వందలు తక్కువకు. పొగ కన్నా ఆ నాలుగు వందలే మా ఇంటామెకు ఎక్కువ మండింది. మళ్లీ రాశాను: "కొనడానికి కాదు. కొన్నది కాలిపోయింది." జవాబు: "మీ సమాధానం నమోదైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకోసారి ప్రయత్నిస్తే, "ప్రస్తుతం మా పనివేళలు ముగిశాయి" అన్నది. తెల్లవారి ఆరింటికి అదే నంబరు నుంచి ఆఫర్ వచ్చింది. ఫిర్యాదుకు పనివేళలున్నాయి, ఆఫర్‌కు లేవన్నమాట.

వాట్సాప్ బిజినెస్ అనే యాప్ 2018 జనవరిలో వచ్చింది. చిన్న దుకాణాల కోసమే పెట్టారు. పలకరింపు మాట ఒకటి, మేం లేము అనే మాట ఒకటి ముందే రాసి పెట్టుకోవచ్చు. దీన్ని నేను తప్పుపట్టను. కొట్టు మూసినప్పుడు "పొద్దున వస్తాం" అని పలక తగిలించడం మంచి అలవాటే. నా ఏడుపల్లా పలక తగిలించిన మనిషి పొద్దున రాకపోవడం గురించే.

విసిగి ఫేస్‌బుక్‌లోకి పోయాను. ఆ దుకాణం పేజీలో దసరా పోస్టరు కింద నలుగురికీ కనబడేట్టు రాశాను: "మూడో నాడే పొగ. అడిగేవాడు లేడు." క్షణంలో ఎర్రటి గుండె బొమ్మ, దాని పక్కన జవాబు: "మీ ప్రేమకు ధన్యవాదాలు! మీ అనుభవాన్ని మిత్రులతో పంచుకోండి." పంచుకుంటున్నాను. ఈ వ్యాసం అదే.

మనుమడు దీన్ని చాట్‌బాట్ అంటాడు. మొదట విన్నప్పుడు చాటకు సంబంధించిందేమో అనుకున్నాను. కాదు. చాటకు తాలేదో గింజేదో తెలుస్తుంది. దీనికి పొగడ్త, తిట్టు, పొగ అన్నీ గింజలే. మన దుకాణాలే కాదు, మహామహులే ఇక్కడ జారిపడ్డారు. 2015లో కోకాకోలా కంపెనీ ట్విట్టర్‌లో ఒక యంత్రాన్ని కూర్చోబెట్టింది. లోకంలోని చెడ్డమాటలను మీరు దానికి అందిస్తే, వాటిని ముద్దుబొమ్మలుగా మార్చి తిరిగి పోస్టు చేస్తుంది. ఆశయం గొప్పదే. గాకర్ అనే వెబ్ పత్రికవాళ్లు హిట్లర్ ఆత్మకథలోని వాక్యాలను వరసగా దాని నోట్లో పెట్టారు. అది శ్రద్ధగా ఒక్కొక్కదాన్నీ ముద్దుబొమ్మగా చేసి కోకాకోలా పేరు మీదే అచ్చేసింది. కంపెనీ ఆ కార్యక్రమాన్నే మూసుకోవాల్సి వచ్చింది. హిట్లర్‌నే ముద్దుచేసిన జాతి నా మిక్సీకి గుండె పెట్టడంలో వింత లేదు.

ముసలాయనకు కొత్తదంటే గిట్టదని మీరు అనుకుంటారని నాకు తెలుసు. అయ్యా, రెడీమేడు మాటలు పంపడమే నా వృత్తి. నేను తంతి, అంటే టెలిగ్రాం మనిషిని. తంతి శుభాకాంక్షలకు నంబర్లుండేవి. 1 వేస్తే దీపావళి శుభాకాంక్షలు. 8 వేస్తే దంపతులు చిరకాలం సుఖంగా ఉండాలని దీవెన. మనం అంకె మాత్రమే కొడతాం, అవతలి ఆఫీసులో వాక్యం మొత్తం రాసి ఇస్తారు. మాటల లెక్కన పైసలు పోయే కాలంలో అది పేదవాడికి మేలు. 2013 జూలైలో తంతి మూతపడే దాకా ఈ దేశంలో మీరంటున్న ఆటోమేషన్ ఉండనే ఉంది. దానికి రెక్కలూ లైకులూ లేవు, అంతే.

ఒకనాడు శ్రీరాంపూర్ గనుల నుంచి వచ్చిన ఒకాయన ఫారం మీద 8 వేసి ఇచ్చాడు. చెయ్యి వణుకుతోంది. నేను పెన్ను ఆపి, "అన్నా, ఇది పెండ్లి నంబరు. ఇంట్ల పెండ్లా?" అన్నాను. కాదు, తమ్ముడు పోయిన కబురు. బయట ఎవరో "ఎనిమిదో నంబరు సస్తల పోతది" అని చెప్పి పంపారట. ఫారం చింపి, ఇంకోటి రాసి, నా జేబులోంచి ఎనిమిది అణాలో ఎంతో కలిపి పంపాను. ఆ రెండు నిమిషాలు ఆగినందుకు సర్కారు నాకు విడిగా జీతం ఇవ్వలేదు. కానీ ఆ రెండు నిమిషాలే నా ఉద్యోగమని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక పండుగలు. ఇక్కడ కొంచెం కూర్చోవాలి, ఎందుకంటే ఏడాది పొడుగునా నేను ఎక్కువ పరేషాన్ అయ్యేది వీటితోనే.

పద్ధతి ఏమిటంటే, నెల మొదట్లో హైదరాబాద్‌లో ఒక పిల్లగాడు కూర్చుని ముప్పై పోస్టర్లు తయారుచేస్తాడు. ఏది ఏ రోజు ఎన్ని గంటలకు పడాలో మెటా బిజినెస్ సూట్‌లో నింపుతాడు. తర్వాత నిద్రపోతాడు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో వాటంతట అవే పడుతుంటాయి. ఒకే పోస్టరును పది దుకాణాలకు అమ్ముతాడు, మూలనున్న గుర్తు మాత్రం మారుస్తాడు. దసరా పొద్దున ఒకే పాలపిట్ట, ఒకే కొమ్మ మీద కూర్చుని, ఏడు దుకాణాల నుంచి నాకు ఎగిరొచ్చింది. అందులో ఒకటి సిమెంటుది, ఒకటి దవాఖానది. దసరా నాడు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా మంచిదంటారు. ఏడింతల మంచి జరగాలి కదా. మరునాడే మా ఇంట్లో మోటరు కాలింది.

సంక్రాంతికి ఆ పిల్లగాడి కంప్యూటర్‌లో ఉన్నది గోదావరి జిల్లాల సంక్రాంతి. గొబ్బెమ్మలు, హరిదాసు, కోడిపందెం. గోదావరి మా జిల్లాల్లోంచీ పారుతుంది నాయనా, కానీ మాకు సంక్రాంతి అంటే డాబా మీద పతంగులు, పొయ్యి మీద సకినాలు. మా ఇంటామె సకినాల పిండి కలుపుతూ ఆ పోస్టరు చూసి, "మన దుకాణానికి కోడెక్కడిదే?" అంది. ఆ దుకాణం శాకాహార మిఠాయిలది.

బతుకమ్మ దగ్గర ఆ పిల్లగాడి అసలు రంగు బయటపడింది. తొమ్మిది రోజులకు తొమ్మిది పోస్టర్లు. మొదటి రోజు పొద్దున ఒకటి: "పితృ అమావాస్య శుభాకాంక్షలు!" పెద్దలకు బియ్యమిచ్చుకునే పూట ఆ మాట చదివి, మా తాతముత్తాతలు పై నుంచి థ్యాంక్యూ చెప్పారో ఏమో. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కనుక ఆ రోజుకు రెండు రంగులున్నాయి, పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. క్యాలెండర్ గడిలో రెండూ కలిసి ఒకే రోజు. ఇక ఆరో రోజు పోస్టరు: "అలిగిన బతుకమ్మ శుభాకాంక్షలు! రండి, ఆడండి, పాడండి! పట్టుచీరలపై 30 శాతం!" అలిగిన బతుకమ్మ నాడు బతుకమ్మను పేర్చరు. ఆడరు. అమ్మవారు అలిగి కూర్చుంది. అలిగినామెను పట్టుచీర చూపించి ఆడమంటే ఇంకా అలగదా? తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ పోస్టరు వేములవాడవాళ్లకూ పోయింది. వేములవాడలో సద్దులు ఏడో రోజే. నిమజ్జనం చేసి, సత్తుపిండి తిని, రెండు రోజులు నిద్రపోయిన వాళ్లకు మళ్లీ "నేడే సద్దులు" అని కబురు.

నవ్వుకునే తప్పులు ఇవి. నవ్వలేనిదీ ఒకటుంది. మొహర్రం నాడు ఒక ఫర్నిచర్ దుకాణం "హ్యాపీ మొహర్రం, సోఫాలపై భారీ తగ్గింపు" అని పంపింది. కర్బలాలో ఇమాం హుస్సేన్ చనిపోయిన దినం అది, సంతాపం. మా జిల్లాల్లో పీరీలను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు, వాళ్లకూ తెలుసు ఆ సంగతి. మా పక్కింటి సాబ్ ఆ సందేశాన్ని నాకు చూపించి, ఫోన్ జేబులో పెట్టుకుని, "జానే దో సాబ్, మిషన్ హై" అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

క్యాలెండర్‌కు యంత్రాన్ని కట్టేస్తే ఏమవుతుందో జర్మనీవాళ్లు మనకన్నా ఘోరంగా చూశారు. నవంబర్ 9 అక్కడ 1938లో యూదుల ప్రార్థనామందిరాలను, దుకాణాలను తగలబెట్టిన రాత్రికి స్మృతిదినం. 2022లో ఆ రోజున కేఎఫ్‌సీ యాప్ ఆ దినం పేరు చెప్పి మరీ, కరకరలాడే కోడిమాంసం, దాని మీద మెత్తటి చీజ్ తిని ఆనందించండని జర్మనులకు సందేశం పంపింది. ఆ తర్వాత క్షమాపణ. క్యాలెండర్‌కు ముడిపెట్టిన ఆటోమేటిక్ పద్ధతి వల్ల జరిగిందని సంజాయిషీ. అంటే మా ఫర్నిచర్ దుకాణానికీ ఆ మహాసంస్థకూ ఒకడే గుమస్తా: రోజు పేరు తెలుసు, రోజు అంటే ఏమిటో తెలియదు.

వానకూ అంతే. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు తట్టుకోలేనంత వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి మొరాయించింది. కింది ఊళ్లవాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ప్రాజెక్టు నిలుస్తుందో లేదోనని రెండు జిల్లాలు టీవీల ముందు కూర్చున్న ఆ పొద్దున, ఒక ప్లాట్ల కంపెనీ పేజీలో పోస్టరు పడింది: "నీటి అంచున నివాసం, మీ కల నిజం చేసుకోండి." నెల ముందే పెట్టి ఉంచారట. పెట్టినట్టు వానకు చెప్పడం మరిచిపోయారు.

ఇక వాళ్ల తెలుగు గురించి ఒక్క మాట. "ఫ్రీ షిప్పింగ్" అనే మాటను యంత్రం చేత తెలుగు చేయించి ఒక చీరల పేజీవాళ్లు "ఉచిత ఓడ రవాణా" అని పెట్టారు. మా దిగువ మానేరు డ్యాం కట్ట మీద రెండు రోజులు ఎదురుచూశాను, ఏ ఓడా రాలేదు. నవ్వకండి. 2025 జూలైలో మన 'జగదేకవీరుని కథ' నటి సరోజాదేవి పోయినప్పుడు కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కన్నడంలో సంతాపం రాస్తే, మెటా యంత్రం దాన్ని ఇంగ్లిషులోకి మార్చి, పోయింది సిద్ధరామయ్యే అన్నట్టు చేసింది. ముఖ్యమంత్రి బతికుండగానే అభ్యంతరం చెప్పుకోవాల్సి వచ్చింది. మెటా క్షమాపణ చెప్పింది. ముఖ్యమంత్రి కాబట్టి చెప్పారు. నేను పోయినట్టు వస్తే మా పింఛను ఆఫీసు యంత్రాన్నే నమ్ముతుంది.

బిడ్డను ఆదిలాబాద్‌కు ఇచ్చాం. చలికాలంలో అక్కడికి పోకూడదని డాక్టర్ చెప్పినా, రాష్ట్రంలో చలి బాగా ఎక్కువగా ఉండే ఊరికే చలికాలంలోనే పోతాం, ఎందుకంటే మనుమరాలికి అప్పుడే సెలవులు. అక్కడ ఇది పోస్టర్ల ముచ్చట కాదు, పత్తి ముచ్చట.

పత్తిని మద్దతు ధరకు కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొంటుంది. 2025–26కు పొడుగు పింజ క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ ఊరికే కొనదు. పూర్తి ధర రావాలంటే తేమ 8 శాతం దాటకూడదు. 12 దాకా కోతతో తీసుకుంటారు. 12 దాటితే బండి వెనక్కి. ఆ పంటకాలం నుంచి కపాస్ కిసాన్ అనే యాప్‌లో స్లాట్ కూడా పెట్టుకోవాలి. ఇంత సంగతి ఉండగా, ఒక వ్యాపారి తన ప్రచార పేజీ నుంచి ప్రతి సోమవారం పొద్దున ఆరు గంటలకు అందరికీ ఒకే సందేశం పోయేట్టు పెట్టించాడు: "రైతన్నా, నేడే పత్తి తీసుకురా! పూర్తి ధర పొందు!" శనివారం, ఆదివారం ముసురు పట్టింది. యంత్రానికి ముసురు పట్టదు. మా అల్లుడి పక్క చేనాయన ఆ సందేశం చూసి, మెత్తబడిన పత్తిని కిరాయి బండికెత్తి యార్డుకు తోలాడు. సాయంత్రానికి అదే పత్తి, కిరాయి వదిలించుకుని, ఇంటికి తిరిగి వచ్చింది. ఆ రాత్రి ఆయన ఫోన్‌కు ఇంకో సందేశం: "మీ సందర్శన ఎలా ఉంది?"

అదే ఊళ్లో విత్తనాలు, మందులు అమ్మే ఇంకొకాయన ఉన్నాడు. ఆయన పేజీకి నలభై లైకులు కూడా ఉండవు. పొద్దున షట్టర్ సగం ఎత్తి, కింద కూర్చుని, మబ్బు దిక్కు చూసి, ఫోన్‌లో మాట్లాడి గ్రూపులో వదులుతాడు: "అన్నలూ, ఇయ్యాల మబ్బున్నది, పత్తి ఏరకుండ్రి. తేమ పన్నెండు దాటితె వాపస్ పంపుతరు. స్లాట్ రానోళ్లు రావద్దు, ఊకె కిరాయి పోతది." ఒకనాడు దగ్గుతూ మాట్లాడితే, పన్నెండు మంది "దవాఖానకు పో అన్నా" అని జవాబిచ్చారు. నాగోబా జాతర ఎప్పుడని మనుమరాలు అడిగితే మేం ఆయన్నే అడిగాం. ఆ జాతర పుష్య అమావాస్యకు. 2024లో ఫిబ్రవరి 9న, 2025లో జనవరి 28న, 2026లో జనవరి 18న పడింది. మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్‌లో పూజ చేసేది అమావాస్య చూసుకుని, ఇంగ్లిషు తేదీ చూసుకుని కాదు. ఒక హోటల్‌వాళ్లు మాత్రం ముందేటి పోస్టరునే "ప్రతి ఏటా" అనే గడిలో పెట్టేసి, 2026 జనవరి 28న "నేడే జాతర ప్రారంభం, మా గదులు బుక్ చేసుకోండి" అన్నారు. అప్పటికి జాతర మొదలై పది రోజులు.

ఇంత తప్పు చెప్పినా ఆ హోటల్‌ను ఎవరూ ఏమీ అనలేరని మా అల్లుడు అన్నాడు. అనొచ్చు. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక తీర్పు వచ్చింది. అమ్మమ్మో నాయనమ్మో పోయిందని ఒకాయన విమానం టికెట్ కొనబోతూ ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు కొనుక్కో, చావు రాయితీ 90 రోజుల్లో అడగొచ్చు అని అది చెప్పింది. అడిగితే కంపెనీ ఇవ్వలేదు. విచారణలో కంపెనీ చేసిన వాదన వినండి: చాట్‌బాట్ వేరే వ్యక్తి లాంటిది, దాని మాటలకు అదే బాధ్యురాలు! బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. మీ గోడ మీద రాసింది మీరే రాసినట్టు అని చెప్పి, సుమారు 812 కెనడా డాలర్లు ఇప్పించింది. అక్కరలేని ప్రకటనల మీద ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు నేనూ చెబుదామని చూస్తే, ఆ రక్షణ ఫోన్ కాల్స్‌కూ ఎస్ఎమ్మెస్‌లకూ గానీ వాట్సాప్‌కు కాదు. ట్రిబ్యునల్‌కు పోవాలంటే నాకు నాయనమ్మ కూడా లేదు.

అన్న ఉండేవాడు. ఆ రెండో ఫోన్ ఆయనదే.

పోయిన మార్గశిరంలో జగిత్యాలలో కాలం చేశాడు. పదకొండో రోజు అయినంక వదిన ఆ ఫోన్ నా చేతిలో పెట్టి, "తమ్మీ, బ్యాంకోల్లు ఏదో నంబర్ పంపుతరట, నీ తాననే ఉండనీ" అంది. అప్పటి నుంచి రెండూ పక్కపక్కనే పెట్టుకుని ఛార్జింగ్ చేస్తున్నాను.

ఒక పొద్దున అది మోగింది. కరీంనగర్‌లో ఒక బంగారం, వెండి దుకాణం నుంచి. పేరు, అబ్బ, అక్షరం తప్పు లేకుండా మా అన్నదే. "పుట్టినరోజు శుభాకాంక్షలు! మీరు ఎల్లప్పుడూ ఇలాగే నవ్వుతూ ఉండాలి. ఈ ప్రత్యేక దినాన మజూరీపై పది శాతం తగ్గింపు. మీరు స్వయంగా రావాలి. మూడు రోజులు మాత్రమే."

ఆ తేదీ కూడా నిజం కాదు. 1955 గోదావరి పుష్కరాలకు ముందటేడు, నాట్లప్పుడు పుట్టాడని మా అవ్వ లెక్క. బళ్లో వేసినప్పుడు సారు తనకు తోచిన తేదీ రాసుకున్నాడు, ఉద్యోగం నుంచి ఆధార్ దాకా అదే నడిచింది. రెండేళ్ల కింద మనుమరాలికి పట్టగొలుసులు కొన్నప్పుడు ఆ దుకాణంలో ఫారం నింపమంటే అదే నింపి ఉంటాడు. అయినా ఏటా ఆ తేదీకి నేను ఫోన్ చేసి, "అన్నా, సారు నిన్ను కన్న రోజు" అనేవాణ్ని. నవ్వేవాడు. ఈ ఏడు ఆ తేదీ వచ్చిందనే సంగతే నాకు యాదికి లేదు. యంత్రానికి ఉంది. ఈ ఒక్క విషయంలో దాని మీద ఫిర్యాదు రాయడానికి నాకు నోరు రావడం లేదు.

పేరు తీసేయించాలని దుకాణానికి పోయాను. కంప్యూటర్ ముందు ఒక పిల్లగాడు, మంచివాడే, లేచి కుర్చీ వేశాడు.

"సార్, మేం తీసేస్తె మళ్ల వస్తది. ఆ నంబర్ నుంచే స్టాప్ అని పంపాలె."

"ఆయన పోయిండు బిడ్డా."

"అయ్యో. కని సార్, ఆ నంబర్ నుంచే పంపాలె."

"పోయినాయన ఎట్ల పంపుతడు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "సిస్టమ్‌ల నంబర్ ఉంటది సార్, మనిషి ఉండడు" అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

మూలన గల్లా పెట్టె పక్కన పెద్ద సేటు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు కొట్టు కొడుకులది, ఆయన ఊరికే వచ్చి కూర్చుంటాడట. నా దిక్కే చూస్తూ, "జగిత్యాల సారా? పట్టగొలుసులకు గజ్జెలు ఎక్కువ వెట్టుమని, పిల్ల ఏడున్నదో సప్పుడుతోని తెల్వాలె అన్నాయనేనా?" అన్నాడు. ఔనన్నాను. నాకే తెలియని సంగతి అది. సేటు లేచి, తనే గ్లాసులో నీళ్లు పోసి తెచ్చాడు. "నాకు ఆ డబ్బ తెల్వది సారూ" అని కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇంట్లో మా ఇంటామె రోట్లో పల్లీలు దంచుతోంది. మిక్సీ ఇంకా కాలే ఉంది, దాని మీద గుడ్డ కప్పాం. అన్న ఫోన్ తీసి, ఆయన వేలు పెట్టే చోట నా వేలు పెట్టి, స్టాప్ అని కొట్టాను. రెప్ప వేసేలోగా జవాబు వచ్చింది.

"ఏమంటాండ్రు?" అంది ఆమె, దంచుడు ఆపకుండానే.

చదివాను. "మీరు మమ్మల్ని విడిచి వెళ్లిపోవడం మాకు చాలా బాధగా ఉంది. తిరిగి రావాలనుకుంటే స్టార్ట్ అని పంపండి."

రోకలి ఆగింది.